ఒత్తులు ఊడిపోతున్నయ్, బస్సు జారిపోతుంది: అక్షరాలు, బొమ్మలు కదిలించే బేసిక్స్ చెప్పండి

కొత్తగీత_చింతల్:
అందరికీ నమస్తే. మా కాలనీ బోనాల కమిటీ వాళ్లకు పది సెకన్ల వీడియో చేసియ్యాలె. వెనక చార్మినార్, ముందల నుంచి ఒక సిటీ బస్సు పోవాలె. బస్సు పోయినంక "బోనాల పండుగ శుభాకాంక్షలు" అని, దాని కింద "అమ్మవారి ఆశీస్సులు" అని అక్షరాలు ఒక్కొక్కటి రావాలె. బొమ్మలన్నీ నేనే గీసిన. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌ల (బొమ్మలు కదిలించే సాఫ్ట్‌వేర్) చేస్తున్న, నేర్చుకున్నదంతా యూట్యూబ్‌లనే.

మూడు తంటాలున్నయ్.
టైప్ అవుతున్నట్టు రావాలని సోర్స్ టెక్స్ట్‌కు ఎక్స్‌ప్రెషన్, అంటే చిన్న కోడ్, పెట్టిన. "శుభాకాంక్షలు" కాడ ఒక్క క్షణం "శుభాకాంక్" అని పొల్లు కనవడి, అప్పుడు క్ష అయితుంది. అది తీసేసి, అక్షరాలను విడివిడిగ కదిలించే టెక్స్ట్ యానిమేటర్ పెడితే "అమ్మవారి"ల మ ఒక దిక్కు, దాని ఒత్తు ఒక దిక్కు ఎగురుతున్నయ్.
బస్సు ఎడమ నుంచి కుడికి పోతుంది గానీ క్యారమ్ బోర్డు మీద కాయిన్ లెక్క జారుతుంది. చక్రాలు తిప్పినా అట్లనే ఉంది.
బోనం కుండను కొంచెం ఊపుదామని రొటేషన్ పెడితే, ఉన్న కాడ ఊగకుండా స్క్రీన్ అంతా తిరిగొస్తుంది.

గ్రాఫ్_అక్క:
మూడోది ముందు తేలుద్దాం, అది నిమిషం పని. నువ్వు కుండ షేప్ లేయర్‌గా గీసుంటావు. షేప్ లేయర్‌కి యాంకర్ పాయింట్ మామూలుగా కంపోజిషన్ నడిమధ్యలో పడుతుంది, బొమ్మ ఎక్కడ గీసినా సరే. రొటేషన్, స్కేల్ రెండూ ఆ పాయింట్ చుట్టూనే జరుగుతాయి. లేయర్ సెలెక్ట్ చేసి కంట్రోల్, ఆల్ట్, హోమ్ మూడూ కలిపి నొక్కు, పాయింట్ కుండ మధ్యలోకి వస్తుంది. కానీ కుండకి మధ్య కాదు కావాల్సింది. నెత్తి మీద బోనం అడుగు దగ్గర ఆని ఊగుతుంది కాబట్టి వై నొక్కి, పాన్ బిహైండ్ టూల్‌తో పాయింట్‌ని కుండ అడుగుకి లాగు. తోరణం అయితే పైన కట్టిన చోట, తలుపు అయితే బందు దగ్గర. కీఫ్రేములు (ఏ క్షణంలో బొమ్మ ఎక్కడుండాలో చెప్పే గుర్తులు) పెట్టకముందే ఇది చేసుకోవాలి. పెట్టాక యాంకర్ కదిపితే పొజిషన్ కీఫ్రేములన్నీ గందరగోళం అవుతాయి.

ఇప్పుడు టెక్స్ట్. ఫాంట్ ఏది? యూనికోడ్ ఫాంటా, అను ఫాంటా?

కొత్తగీత_చింతల్:
కుండ సెట్ అయింది అక్కా!! ఫాంట్ రామభద్ర, గూగుల్ ఫాంట్స్‌ల దొరికింది. యూనికోడే.

కోడ్_కోకాపేట:
పొల్లు ఎందుకు కనిపిస్తోందో నేను చెప్తాను, రోజూ దీంతోనే నా తలనొప్పి.

మనకి "శుభాకాంక్షలు" అంటే ఐదు అక్షరాలు: శు, భా, కాం, క్ష, లు. కంప్యూటర్‌కి అవి 12 కోడ్‌లు. శ, కొమ్ము, భ, దీర్ఘం, క, దీర్ఘం, సున్న, క, పొల్లు, ష, ల, కొమ్ము. మీ ఎక్స్‌ప్రెషన్ ఈ 12 కోడ్‌లని ఒక్కొక్కటే బయటికి వదులుతోంది. తొమ్మిదో కోడ్ దగ్గర ఆగినప్పుడు స్క్రీన్ మీద ఉన్నది నిజంగానే "శుభాకాంక్". సాఫ్ట్‌వేర్ తప్పు చెయ్యట్లేదు, మీరు అడిగిందే చూపిస్తోంది. "స్త్రీ" లాంటి మాట ఇంకా ఘోరం, కంటికి ఒకటే అక్షరం, లోపల ఆరు కోడ్‌లు.

కాబట్టి తెలుగుకి టైప్‌రైటర్ ఎఫెక్ట్ కోడ్ లెక్కన కాదు, అక్షరం లెక్కన నడవాలి. వెబ్‌లో అయితే ఇంటిల్ సెగ్మెంటర్ అనే ఫంక్షన్ ఉంది, అక్షరాల గుత్తులుగా విడగొట్టి ఇస్తుంది. దానికీ ఒక కథ ఉంది. యూనికోడ్ గుత్తుల నియమాల్లో మొన్నమొన్నటి దాకా పొల్లు దగ్గర తెగిపోయేది, "క్" ఒక గుత్తి, "ష" ఇంకో గుత్తి. 2023లో వచ్చిన 15.1 వెర్షన్‌లో తెలుగు, దేవనాగరి లాంటి కొన్ని లిపులకి సంయుక్తాక్షరం తెగకుండా నియమం చేర్చారు. పాత బ్రౌజర్, పాత లైబ్రరీ అయితే ఇంకా పాత పద్ధతే.

మీ అవసరం చిన్నది. కోడ్ ఏమీ వద్దు. మాటని చేత్తో విడగొట్టి, మధ్యలో ఏదో ఒక గుర్తు, నిలువు గీత అనుకోండి, పెట్టుకోండి: శు|భా|కాం|క్ష|లు. ఎక్స్‌ప్రెషన్‌లో ఆ గీత దగ్గర స్ప్లిట్ చేసి, టైమ్ పెరిగే కొద్దీ ముక్కలు ఒక్కొక్కటే కలుపుతూ పోతే పొల్లు కనబడదు.

రెండర్_రాజ్యం:
పది సెకన్ల వీడియోకి ఇంత పురాణమా? టెక్స్ట్ యానిమేటర్ లోపల రేంజ్ సెలెక్టర్‌లో బేస్డ్ ఆన్ అని ఉంటుంది, అక్కడ క్యారెక్టర్స్ తీసి వర్డ్స్ పెట్టు. మాట మాటగా వస్తుంది, ఒత్తు ఎక్కడికీ పోదు. నేను పెళ్లి వీడియోలన్నీ ఇట్లాగే చేస్తా. ఫంక్షన్ హాల్లో ఎల్ఈడీ వాల్ మీద అక్షరం అక్షరం ఎలా వచ్చిందో ఎవడూ చూడడు, భోజనాల దగ్గర ఉంటారు.

గ్రాఫ్_అక్క:
రాజ్యం చెప్పింది అర్జెంటు పనికి కరెక్టే, నేనూ కాదనను. వర్డ్స్ ఎప్పుడూ సేఫ్. కానీ ఈ అమ్మాయి అక్షరం అక్షరం కావాలని అడిగింది.

ముందు ఒకటి చూసుకో. ప్రిఫరెన్సెస్‌లో టైప్ పేజీలో టెక్స్ట్ ఇంజిన్ ఎంచుకునే ఆప్షన్ నీ వెర్షన్‌లో ఉంటే, సౌత్ ఏషియన్ ఉన్నది పెట్టు. ప్రాజెక్ట్ సేవ్ చేసి, మూసి, మళ్లీ తెరిచి, టెక్స్ట్ కొత్త లేయర్‌లో టైప్ చెయ్యి. ఒత్తులు సరిగా కలుస్తున్నాయో లేదో కదలిక పెట్టకముందే చూసుకోవాలి. నిలబడి ఉన్నప్పుడే విరిగిన మాట కదిలిస్తే బాగుపడదు.

అక్షరాలు విడిగా కదలాలంటే నా పద్ధతి ఇది. టెక్స్ట్ లేయర్ మీద రైట్ క్లిక్ కొట్టి క్రియేట్ షేప్స్ ఫ్రమ్ టెక్స్ట్ ఇస్తా. అవుట్‌లైన్లు షేప్ లేయర్‌గా వస్తాయి, లోపల ముక్కలు గ్రూపులుగా ఉంటాయి. మ ఒక గ్రూపు, దాని ఒత్తు ఇంకో గ్రూపు అయ్యుంటే రెండూ సెలెక్ట్ చేసి కంట్రోల్ జీ. ఇప్పుడది ఒక "మ్మ". ఇలా అ, మ్మ, వా, రి అని నాలుగు గ్రూపులు చేసుకుని, లేయర్‌ని నాలుగుసార్లు డూప్లికేట్ చేసి, ఒక్కో దాంట్లో ఒక్కో అక్షరం ఉంచి మిగతావి తీసేస్తా. విసుగు పనే. కానీ తర్వాత అక్షరం అక్షరం మన చేతిలో ఉంటుంది, ఏ రెడీమేడ్ ప్రీసెట్ కాళ్లూ పట్టుకోనక్కర్లేదు. ఒక్కటే, షేప్ అయ్యాక స్పెల్లింగ్ మార్చలేం. కమిటీ వాళ్ల చేత మేటర్ ఓకే చేయించుకున్నాకే ఇది మొదలుపెట్టు.

డీటీపీ_చిక్కడపల్లి:
అను ఫాంట్ వాడే వాళ్లకి ఒక మాట. మా షాపుకొచ్చే మేటర్ సగం ఇంకా అనులోనే వస్తుంది. అది యూనికోడ్ కాదు, లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాల కోడ్‌లే, పైన కనబడేది తెలుగు. అందుకే ఏ సాఫ్ట్‌వేర్‌లో పడేసినా బొమ్మ కరెక్టుగా కనబడుతుంది, ఒత్తులు కలిపే పని సాఫ్ట్‌వేర్‌కి ఉండదు. అయితే క్యారెక్టర్ల వారీ యానిమేటర్ పెట్టారంటే అక్షరం శరీరం ఒకటి, గుణింతం ఒకటి, ఒత్తు ఒకటి, దేనికది విడి క్యారెక్టరై ఊడిపోతుంది. ఫాంట్ మార్చినా అంతా పిచ్చి గీతలే. కన్వర్టర్‌లో వేసి యూనికోడ్ చేసుకోండి, ఆ తర్వాత ప్రూఫ్ ఒకసారి చదవండి. కన్వర్టర్లు కొన్ని గుణింతాలు మింగేస్తుంటాయి.

బ్రష్_భాయ్:
నేను కంప్యూటర్‌ల లేటుగా వచ్చినోణ్ని. షాలిబండల దుకాణాల బోర్డులు రాసేటోణ్ని, ఇప్పుడు ఫ్లెక్సీల కాలమాయె, గందుకే ఇది నేర్చుకున్న. మీరు అక్షరం విడగొట్టుడు గురించి మాట్లాడుతున్నరు గానీ, అక్షరం రాస్తున్నట్టు రావాలంటే వరుస తెల్వాలె.

యూట్యూబ్‌ల చూపిచ్చేది ఇంగ్లీషుది. ఎడమ నుంచి కుడికి ఒక మాస్క్ జరుపుతరు, అక్షరం తెరుచుకుంటది. తెలుగుకు అట్ల జేస్తే కుంచె పట్టినోనికి నవ్వొస్తది. మేము ముందు అక్షరం ఒళ్లు రాస్తం, గుండ్రం తిప్పుకుంట. తర్వాత మీద తలకట్టు. గుణింతం ఆ తర్వాత. ఒత్తు ఆఖరు. గదే వరుసల పెన్ టూల్‌తోని అక్షరం నడిమిట్ల నుంచి గీత గీసి, దాని మందం అక్షరం కంటె ఎక్కువ పెట్టి, గీతను కొంచెం కొంచెం చూపిచ్చే ట్రిమ్ పాత్స్‌తోని 0 నుంచి 100కు నడిపియ్యి. దాన్ని అక్షరానికి మ్యాట్ లెక్క పెట్టు, అంటే గీత ఉన్న కాడనే అక్షరం కనవడేటట్టు. గీత నడుస్తుంటే అక్షరం బయటవడ్తది.

ఇంకొకటి. "ర"కు గుడి వెడితే "రి" అయితది, గానీ తలకట్టు మీద గుడి కూసోదు. గుడి వస్తే తలకట్టు పోతది. కొమ్ము వేరు, "రు"ల తలకట్టు అట్లనే ఉంటది. నేను ఒక వీడియో చూసిన, పిల్లలకు గుణింతం నేర్పేది. తలకట్టు ఉండంగనే దాని మీద గుడి వచ్చి అతుక్కుంటది. పిల్లగాడు గట్లనే రాస్తడు మల్ల. ర నుంచి రి చెయ్యాల్నంటే తలకట్టు సన్నగ తగ్గిపోతుంటే గుడి పెరగాలె, రెండు ఒక్కపారే.

గ్రాఫ్_అక్క:
భాయ్, ఈ తలకట్టు ముక్క ఏ కోర్సులోనూ చెప్పరు. థాంక్స్. రామభద్ర బాగా మందం ఫాంట్ కాబట్టి రాస్తున్నట్టు చూపించడానికి అంత బాగోదు, మలుపుల్లో గీత పక్క భాగాన్ని కూడా బయటపెట్టేస్తుంది. దానికి సన్నగా ఉండేది తీసుకోవాలి. మందం ఫాంట్ పైనుంచి పడటానికీ, స్కేల్ అవ్వడానికీ బాగుంటుంది.

మ్యాట్ అన్నావు కాబట్టి నాదొకటి. లైన్ కింద నుంచి పైకి లేచి వచ్చే స్టైల్ అందరూ చేస్తారు, ఒక డబ్బా గీసి దాన్ని ట్రాక్ మ్యాట్ పెట్టి. ఆ డబ్బాని ఇంగ్లీషు అలవాటులో అక్షరం అడుగు గీత దాకే గీస్తే మన ఒత్తులు కోసేసినట్టు సగం కనబడతాయి. "ఆశీస్సులు" టైప్ చేసి, స్సు కింద దాకా డబ్బా లాగి చూసుకో.

టైమ్‌లైన్_మావయ్య:
ఆలస్యంగా చూశాను. బస్సు సంగతి ఎవరూ ఎత్తుకోలేదు కాబట్టి అది నేను తీసుకుంటానమ్మాయ్. నేను కృష్ణానగర్‌లో టీవీ టైటిల్స్ చేసి చేసి రిటైరైనవాణ్ని, కొంచెం పొడుగ్గా చెప్తాను, ఓపిక పట్టు.

కీఫ్రేమ్ అనేది పెన్సిల్ రోజుల నాటి పద్ధతి. పెద్ద ఆర్టిస్టు ముఖ్యమైన భంగిమలు గీసి ఇచ్చేవాడు, మధ్య బొమ్మలు కుర్రాళ్లు నింపేవాళ్లు. ఆ నింపే పనిని కంప్యూటర్‌కి అప్పగించినవాళ్లలో మొదటివాళ్లు కెనడా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్‌లోని నెస్టర్ బర్ట్నిక్, మార్సెలీ వైన్. 1970ల మొదట్లోనే చేశారు. నీ సాఫ్ట్‌వేర్ ఇవాళ చేస్తున్నదీ ఆ కుర్రాళ్ల పనే. మొదట ఇక్కడ, చివర అక్కడ అని రెండు కీలు ఇచ్చి ఊరుకుంటే మధ్యలో సమానంగా పంచి పెడుతుంది. మొదటి ఫ్రేములోనే పూర్తి వేగం, చివరి ఫ్రేములో టక్కున ఆగుడు. బరువున్న వస్తువు ఏదీ అలా కదలదు. నీ బస్సు జారడానికి సగం కారణం ఇదే.

మిగతా సగం చక్రాలు. నీ చక్రం అడ్డకొలత ఎంత? 200 పిక్సెళ్లు అనుకుందాం. చుట్టుకొలత సుమారు 628. అంటే బస్సు 628 పిక్సెళ్లు జరిగితే చక్రం సరిగ్గా ఒక్క చుట్టు తిరగాలి, 1884 జరిగితే మూడు చుట్లు. నువ్వు బహుశా కంటికి నచ్చినన్ని చుట్లు తిప్పావు. లెక్క తప్పితే చక్రం రోడ్డు మీద బురదలో తిరిగినట్టు ఉంటుంది. ఇంకో చిక్కు, బస్సు మెల్లగా ఎత్తుకుని వేగం పెంచుకుంటే చక్రం కూడా అదే తీరులో తిరగాలి, దానికి వేరే కీఫ్రేములు పెడితే ఎప్పటికీ కలవవు. అందుకని చక్రానికి కీలు అస్సలు పెట్టకు. దాని రొటేషన్‌కి ఎక్స్‌ప్రెషన్ ఇవ్వు: బస్సు ఎక్స్ పొజిషన్‌ని 628తో భాగించి 360తో గుణించు. ఇక బస్సుని ఎలా నడిపితే చక్రం అలా తిరుగుతుంది, వెనక్కి తోస్తే వెనక్కి.

కట్టుబడి ఇలా ఉండాలి. ఒక నల్ ఆబ్జెక్ట్ (స్క్రీన్ మీద కనబడని ఖాళీ లేయర్) తీసుకో, బస్సు పోవడానికి కీలన్నీ దానికే. బస్సు బాడీని నల్‌కి పేరెంట్ చెయ్యి (నల్ కదిలితే అదీ కదిలేలా కట్టెయ్యడం), చక్రాల్నీ నల్‌కే పేరెంట్ చెయ్యి, బాడీకి కాదు. ఎందుకంటే బాడీ కొంచెం ఎగిరెగిరి పడాలి, చక్రాలు నేలనే అంటి ఉండాలి. బాడీకి విగిల్ (దానంతటదే వణికించే ఎక్స్‌ప్రెషన్) పెట్టుకో, సెకనుకి 3 సార్లు, 2 పిక్సెళ్లు చాలు. ఎక్కువ పెట్టావో, బస్సు కాస్తా ఆటో అయిపోతుంది. ఎక్స్‌ప్రెషన్‌లో కూడా నల్ పొజిషనే తీసుకో. పేరెంట్ అయ్యాక చక్రం సొంత పొజిషన్ అంకె మారదు.

బయలుదేరేటప్పుడు బాడీ వెనక్కి ఒక డిగ్రీ వాలాలి, బ్రేక్ వేస్తే ముక్కు ముందుకి దిగి, ఆగిన తర్వాత మళ్లీ లేచి సర్దుకోవాలి. చక్రాలు ఆగిన ఫ్రేములోనే బాడీ ఆగకూడదు, ఐదారు ఫ్రేములు ఆలస్యంగా నిలబడాలి. డిస్నీలో పనిచేసిన ఫ్రాంక్ థామస్, ఆలీ జాన్‌స్టన్ 1981లో 12 సూత్రాలని రాసిపెట్టినవాటిలో ఇవి ఉన్నాయి. జాన్ లాసెటర్ 1987లో అవే సూత్రాలు కంప్యూటర్ యానిమేషన్‌కి ఎలా పనికొస్తాయో సిగ్రాఫ్ అనే కంప్యూటర్ గ్రాఫిక్స్ సదస్సులో పేపర్ చదివాడు. పన్నెండూ బట్టీ పట్టక్కర్లేదు. బరువు ఎక్కడుంది, ఏది ముందు కదిలి ఏది వెనక ఆగుతుంది, ఈ రెండు అడుగుతూ ఉంటే చాలావరకు వచ్చేస్తాయి.

కొత్తగీత_చింతల్:
మామయ్యా, చక్రం లెక్క బంగారం!! నా చక్రం 180 ఉంది, 565తోని భాగించిన, అచ్చం నేలను పట్టుకొని నడిచినట్టే ఉంది. కానీ ఇంకొక వింత. బస్సు వేగంగ పోయేటప్పుడు చక్రాలు ఉల్టా తిరుగుతున్నట్టు కనవడుతున్నయ్. ఎక్స్‌ప్రెషన్‌ల మైనస్ ఏం లేదు.

కోడ్_కోకాపేట:
చక్రానికి ఎన్ని నట్లు గీశారు?

కొత్తగీత_చింతల్:
ఎనిమిది. సమానంగ గుండ్రంగ.

కోడ్_కోకాపేట:
అదే. 8 నట్లు అంటే ప్రతి 45 డిగ్రీలకి చక్రం ఒకేలా కనబడుతుంది. ఒక ఫ్రేము నుంచి ఇంకో ఫ్రేముకి 22.5 డిగ్రీలు దాటి తిరిగితే, కంటికి ముందున్న నట్టు కంటే వెనకున్న నట్టే దగ్గరవుతుంది, వెనక్కి తిరిగినట్టు అనిపిస్తుంది. మీ 565 చుట్టుకొలతకి 22.5 డిగ్రీలు అంటే సుమారు 35 పిక్సెళ్లు. 25 ఫ్రేముల లెక్కన సెకనుకి 880 దాటితే ఉల్టా మొదలు. 1920 వెడల్పు స్క్రీన్‌ని రెండు సెకన్లలో దాటిస్తున్నట్టున్నారు, మూడు చెయ్యండి. మోషన్ బ్లర్ (వేగానికి బొమ్మ మసకబారడం) కూడా ఆన్ చెయ్యండి, షటర్ యాంగిల్ 180 ఉంచితే చాలు.

గ్రాఫ్_అక్క:
ఇక ఈజింగ్, అంటే కదలిక ఎక్కడ వేగం, ఎక్కడ నెమ్మది అన్నది. కీలు సెలెక్ట్ చేసి ఎఫ్9 కొడితే ఈజీ ఈజ్ వస్తుంది, అందరూ అక్కడే ఆగిపోతారు. ఎఫ్9 రెండు వైపులా ఒకే మెత్తదనం ఇస్తుంది, అన్నిటికీ అదే కొడితే వీడియో అంతా నీళ్లలో తేలినట్టు ఉంటుంది. గ్రాఫ్ ఎడిటర్ తెరిచి స్పీడ్ గ్రాఫ్ చూడు. లోపలికి వచ్చే అక్షరానికి మొదట్లో వేగం, చివర పొడుగ్గా నెమ్మది. బయటికి పోయేదానికి దీనికి తిరగేసి. బస్సుకి ఎత్తుకోవడం నెమ్మది, మధ్యలో నిలకడ.

పైనుంచి పడే అక్షరం అయితే మధ్య ఫ్రేముల్ని లెక్కకి కట్టొచ్చు. పడేది ప్రతి ఫ్రేముకి 1, 3, 5, 7, 9 వంతులు పడుతుంది. ఇది గెలీలియో కనిపెట్టిన బేసి సంఖ్యల లెక్క. 250 పిక్సెళ్ల ఎత్తు నుంచి ఐదు ఫ్రేముల్లో పడాలంటే 10, 30, 50, 70, 90. నేల తగిలే ఫ్రేములో వేగం ఎక్కువ ఉండాలి, అక్కడ ఈజ్ పెట్టకూడదు. బంతి ఎగరడం చేసేవాళ్లలో చాలామందికి నేల దగ్గర మెత్తగా ఆగి లేస్తుంది, బంతి కాస్తా బెలూన్ అయిపోతుంది. పొజిషన్ మీద సెపరేట్ డైమెన్షన్స్ ఇచ్చి, ఎక్స్ తిన్నగా, వై మాత్రం వంపుగా ఉంచుకుంటే సులువు.

ఇంకో దెయ్యం ఉంది, ముందే చెప్తున్నా. అక్షరం వచ్చింది, రెండు సెకన్లు ఉండాలని అదే విలువతో ఇంకో కీ పెట్టావు, ఆ తర్వాత బయటికి పంపావు. నిలబడాల్సిన రెండు సెకన్లలో అది మెల్లగా జరిగి మళ్లీ వెనక్కొస్తుంటుంది. కారణం, దారి వంపు సాఫ్ట్‌వేర్ తానే వేసుకుంటుంది. కీలు సెలెక్ట్ చేసి కీఫ్రేమ్ ఇంటర్‌పోలేషన్‌లో స్పేషియల్‌ని లీనియర్ చెయ్యి. ప్రిఫరెన్సెస్ జనరల్‌లో డిఫాల్ట్ స్పేషియల్ ఇంటర్‌పోలేషన్ లీనియర్ అని టిక్ పెడితే కొత్త కీలకి ఈ బాధే ఉండదు.

రెండర్_రాజ్యం:
అక్కా, మీరు చెప్పేవన్నీ కరెక్టే గానీ, అమీర్‌పేటలో నేను చేరిన ఇన్‌స్టిట్యూట్‌లో మొత్తం కోర్సులో గ్రాఫ్ ఎడిటర్ తెరవలేదు. ప్రీసెట్లు లాగి పడెయ్యడమే నేర్పారు. మార్కెట్ కూడా అదే అడుగుతోంది. క్లయింట్‌కి బౌన్స్ కావాలి, ఎంత ఎగిరితే అంత ఖుషీ.

టైమ్‌లైన్_మావయ్య:
బౌన్స్ తప్పు కాదు నాయనా. రాబర్ట్ పెనర్ అనే ప్రోగ్రామర్ ఈజింగ్ సమీకరణాలు రాసి పెట్టాక బౌన్స్, ఎలాస్టిక్, బ్యాక్ అన్నీ చాలా సాఫ్ట్‌వేర్లలోకి వచ్చేశాయి, వాడుకోవడానికే ఉన్నాయి. దేనికి వాడుతున్నాం అన్నదే మాట. కుర్‌కురే ప్యాకెట్ బౌన్స్ అవ్వొచ్చు. "అమ్మవారి ఆశీస్సులు" రబ్బరు బంతిలా ఎగిరితే బాగుంటుందా? ఆ లైన్ నిదానంగా, కిందనుంచి కొంచెమే లేచి, కాస్త వెలుగుతూ రావాలి. పైన "బోనాల పండుగ" డప్పు దెబ్బకి ఒక్కో అక్షరం పడొచ్చు, అక్కడ ఎంత బరువు పెట్టినా పర్వాలేదు.

రెండర్_రాజ్యం:
డప్పు దెబ్బకి పడటం, అది మాత్రం కాపీ కొడతా నేను.

బ్రష్_భాయ్:
డప్పు అయితే దరువు మీదనే కీ పెట్టకుర్రి. సౌండ్ లేయర్ ఓపెన్ జేస్తే గీతలు లేస్తయి గద, ఆ శిఖరానికి ఒకటో రెండో ఫ్రేములు ముందల అక్షరం నేల తాకాలె. అప్పుడే కంటికి చెవికి కలిసినట్టు అనిపిస్తది.

బ్లెండర్_బోయిన్‌పల్లి:
సాఫ్ట్‌వేర్ కొనలేని వాళ్లు ఈ థ్రెడ్ చదువుతుంటే, ఇదంతా బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో ఉచితంగా అవుతుంది. ఐ నొక్కితే కీఫ్రేమ్, గ్రాఫ్ ఎడిటర్‌లో టీ నొక్కితే ఇంటర్‌పోలేషన్ మెనూ, పెనర్ బౌన్స్, బ్యాక్ అన్నీ అందులోనే. చక్రం లెక్కకి డ్రైవర్ (బ్లెండర్‌లో ఎక్స్‌ప్రెషన్ లాంటిది) పెట్టుకోండి. కొత్త ఫైల్ 24 ఫ్రేములతో, 250 దగ్గర ముగిసేలా తెరుచుకుంటుంది, టీవీకి అయితే 25 చేసుకోవడం మర్చిపోవద్దు. మధ్యలో మారిస్తే టైమింగ్ అంతా జరిగిపోతుంది.

తెలుగు అక్షరాలకి నేను బ్లెండర్ టెక్స్ట్ ఆబ్జెక్ట్ జోలికి పోను. ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో టైప్ చేస్తాను, అందులో ఒత్తులు సరిగా కలుస్తాయి. తర్వాత ఆబ్జెక్ట్ టు పాత్, అన్‌గ్రూప్, అక్షరాన్నీ దాని ఒత్తునీ కలిపి కంబైన్. ఎస్‌వీజీగా సేవ్ చేసి బ్లెండర్‌లోకి ఇంపోర్ట్. వచ్చినప్పుడు చీమంత ఉంటుంది, ఏమీ రాలేదనుకోకండి, పెద్దది చేసుకోండి. ఆరిజిన్‌లు (బ్లెండర్‌లో యాంకర్ పాయింట్ లాంటివి) అక్షరాల మీద ఉండవు. సెట్ ఆరిజిన్‌లో జామెట్రీకి అని కొట్టమని అందరూ చెప్తారు, అక్కడ చిన్న మెలిక. ఒత్తున్న అక్షరానికి మధ్య అనేది కిందికి దిగిపోతుంది. "అమ్మ"లో అ ఒక ఎత్తులో, మ్మ ఇంకో ఎత్తులో తిరుగుతాయి, స్కేల్ చేస్తే లైను మెట్లు మెట్లుగా అవుతుంది. నేను 3డీ కర్సర్‌ని అక్షరం అడుగు గీత మీద పెట్టి, ఆరిజిన్‌ని కర్సర్‌కి ఇస్తాను. ఒత్తు ఎంత వేలాడినా లైను లైనుగానే ఉంటుంది.

రెండర్ నేరుగా వీడియోకి కొట్టకండి. పీఎన్‌జీ ఫ్రేములుగా కొట్టండి. ఎండాకాలం మా ఏరియాలో కరెంట్ ఎప్పుడు పోతుందో తెలీదు, పోయినా ఆగిన ఫ్రేము నుంచి మళ్లీ మొదలెట్టొచ్చు.

గ్రాఫ్_అక్క:
అడుగు గీత మీద ఆరిజిన్, ఇది ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో విడగొట్టిన షేప్ లేయర్లకీ వర్తిస్తుంది. చింతల్ అమ్మాయ్, కుండకి చేసినట్టే చెయ్యి, అక్షరం అక్షరానికీ.

కొత్తగీత_చింతల్:
చేస్తున్న అక్కా. ఒక్కో అక్షరం ఎంతసేపు పెట్టాలె? అన్నీ వచ్చినంక ఎంతసేపు ఉంచాలె?

గ్రాఫ్_అక్క:
25 ఫ్రేముల్లో చేస్తున్నావు కదా. ఒక్కో అక్షరం రావడానికి 10 నుంచి 12 ఫ్రేములు. ఒకటి పూర్తిగా వచ్చాక రెండోది మొదలెట్టకు, రెండు మూడు ఫ్రేముల తేడాతో వెంటవెంటనే వదులు. ఐదు అక్షరాలకి మూడేసి ఫ్రేముల తేడా అంటే ఆఖరి "లు" 12 ఫ్రేములు ఆలస్యంగా బయలుదేరుతుంది, మొత్తం మాట సెకను లోపు కూర్చుంటుంది. నిలబెట్టడానికి నా కొలత, పైకి రెండుసార్లు చదువు, మామూలు వేగంతో. చదవడం అయ్యేదాకా ఉంచు. నువ్వు రాసినదాన్ని నువ్వు గబగబా చదివేస్తావు కాబట్టి ఇంట్లో ఇంకెవరి చేతైనా చదివించు. పోయేటప్పుడు వచ్చినంత టైమ్ వద్దు, ఆరు ఫ్రేముల్లో తీసెయ్.

చార్మినార్ కూడా కొంచెం కదిలించు, బస్సు పోయే దిక్కుకి ఎదురు దిక్కుగా, చాలా నెమ్మదిగా. ముందు ఒక కరెంట్ స్తంభం పెట్టి దాన్ని వేగంగా దాటించు. లోతు వస్తుంది.

కొత్తగీత_చింతల్:
సరే. ఒకటి కొట్టి చూసిన, నా సిస్టమ్ మీద మంచిగుంది, వాట్సాప్‌ల పంపితే మసక మసక అయిపోయింది. వెనక ఎరుపు నుంచి పసుపుకు గ్రేడియెంట్ ఉంది, అండ్ల చారలు వచ్చినయ్.

రెండర్_రాజ్యం:
ఇది నా ఏరియా. వాట్సాప్ మళ్లీ కుదిస్తుంది, దానికి మనం ఏం చెయ్యలేం, కుదించినా చెడిపోని బొమ్మ ఇవ్వాలి. సన్న గీతలు, పొడి పొడిగా మెరిసే పార్టికల్స్, పొడుగు గ్రేడియెంట్లు, ఇవే ముందు పోతాయి. గ్రేడియెంట్ తీసేసి నిండు పసుపు పెట్టు, లేదంటే రెండు మూడు రంగుల పట్టీలు. స్టేటస్‌కి పెట్టుకునేది అయితే 1080, 1920 నిలువుగా ఇంకో వెర్షన్ చెయ్యి, అడ్డం వీడియోని నిలువులో పెడితే అక్షరాలు ఎవరికీ కనబడవు. ఎంపీ4, హెచ్.264. కమిటీ వాళ్లకి ఎల్ఈడీ మీద వేసే ఒరిజినల్ మాత్రం వీడియోగా కాదు, డాక్యుమెంట్ అని పంపు, అప్పుడు కుదించదు.

కొత్తగీత_చింతల్:
అందరికీ థాంక్స్. అక్షరాలన్నీ విడగొట్టిన, ఒత్తులు ఎక్కడియి అక్కడనే ఉన్నయ్. బస్సు మూడు సెకన్లు చేస్తే డప్పుతోని కలుస్తలేదు, అందుకే రెండే ఉంచి చక్రానికి నట్లు ఐదు చేసిన. ఇప్పుడు ఉల్టా తిరుగుతలేదు.

కోడ్_కోకాపేట:
ఐదంటే 72 డిగ్రీలు, 36 దాకా సేఫ్. లెక్క కుదిరింది.

టైమ్‌లైన్_మావయ్య:
లెక్క కుదిరింది గానీ, సిటీ బస్సుకి ఐదు నట్ల చక్రం పెడితే మీ కమిటీలో ఒక్క ఆర్టీసీ డ్రైవర్ ఉన్నా పట్టేస్తాడమ్మా. ఎనిమిదీ ఉంచి, ఒక్క నట్టుకి పక్కన తెల్ల మచ్చ పెట్టు. ఆ ఒక్కటీ పూర్తి చుట్టు తిరిగితే గానీ మొదటి చోటికి రాదు, కన్ను దాని వెంటే పోతుంది.